నార్మల్ అంటే నేనే

మార్చి 3, సోమవారం

నాడి 46. పరుగులరాణి 58. ఈ నెల కూడా నాదే గెలుపు.

పందెం రూలు ఒక్కటే. పొద్దున్న మెలకువ రాగానే, మంచం దిగకముందే మణికట్టు పట్టుకుని నిమిషం లెక్కపెట్టాలి. ఎవరిది తక్కువైతే వాళ్ళ గుండె గట్టిది. ఇది పెట్టింది చెల్లెలే. రోజూ ఎనిమిది కిలోమీటర్లు పరిగెడుతుంది కదా, అన్నయ్యని చిత్తు చేద్దామనుకుంది పాపం. నేను కుర్చీలోంచి కదలకుండా రెండేళ్ళుగా గెలుస్తున్నాను. ఇవాళ ఫోన్లో అంకె చెప్తే పళ్ళు నూరింది. "నీకు లెక్కలు రావన్నయ్యా, మధ్యలో నిద్రపోతున్నావు" అంది. ఓడినవాళ్ళు అలాగే అంటారు.

ల్యాబ్‌కి కొత్త యాంటీబాడీ వచ్చింది. మూడు నెలలు కాళ్ళరిగేలా తిరిగితే ఇప్పటికి కనికరించారు. కండముక్కలో ఎమెరిన్ అనే ప్రోటీన్ ఉందో లేదో ఇది చూపిస్తుంది. ఉంటే మైక్రోస్కోపు కింద ప్రతి కేంద్రకానికీ సన్నటి పచ్చ గాజు తొడిగినట్టు వెలుగుతుంది. లేకపోతే చీకటే.

సాయంత్రం మా ఆవిడ ముందు గదిలో ఎవరిదో కోటు కుడుతుంటే ఎదురుగా కూర్చుని పాఠం చెప్పాను. కణం మధ్యలో కేంద్రకం ఉంటుంది, దాని చుట్టూ కణం నిండా తాళ్ళ అల్లిక ఉంటుంది, కేంద్రకం జారిపోకుండా ఆ తాళ్ళకి కట్టి ఉంచే ప్రోటీన్ల వరస ఒకటి ఉంటుంది, అందులో ఇదొకటి అన్నాను. ఆవిడ పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని విన్నది. తర్వాత వాటిని తీసి, "అస్తరుకీ పైగుడ్డకీ మధ్య వేసే టాకాలన్నమాట" అంది. పదహారేళ్ళ సర్వీసులో నాకు తట్టని మాట అది.

"టాకాలు ఊడితే ఏమవుతుంది?"

"కండ బిగుసుకుపోతుంది. మోచేతులు పూర్తిగా చాపలేరు, మడమలు నేలకి ఆనవు, మెడ సరిగ్గా వంగదు. దాంతో బతికెయ్యొచ్చు. కానీ గుండె కూడా కండే కదా. దాన్ని కొట్టుకోమని చెప్పే కరెంటు మెల్లగా పడిపోతుంది. ఏదో ఒకరోజు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే..."

"ముందుగా తెలీదా?"

"వెతికితే తెలుస్తుంది. వెతకాలని ఎవరికి తోస్తుంది?"

"కోటూ అంతే. షాపులో వేలాడినన్నాళ్ళూ బాగానే ఉంటుంది. తొడుక్కుని పని చేస్తేనే లోపల జారినట్టు తెలుస్తుంది" అని నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. చొక్కా గుండీ ఊడిందేమో అనుకుని చూసుకున్నాను. ఊడలేదు.

మార్చి 5

నాడి 45.

కొత్త యాంటీబాడీకి మొదటి కేసు వచ్చింది. గోడలకి రంగులేసే పెయింటరు. నలభై దాటాయి. నిచ్చెన ఎక్కలేకపోతున్నాడు. మోచేతులు మడిచినట్టే ఉంటాయి, మునివేళ్ళ మీద నడుస్తాడు. వాళ్ళక్క తోడు వచ్చింది. ముక్క తీసిన గంటకే నా కిటికీ దగ్గర నిలబడి, "రిపోర్టు ఎప్పుడు సార్?" అని అడిగింది. వారం అన్నాను. "వారంలో ఏమీ కాదు కదా?" అంది. ఏమీ కాదన్నాను.

మోచేతులు చాపలేని ప్రతివాడికీ జబ్బున్నట్టు కాదు. మా ఇంట్లోనే ఉన్నాయి అలాంటి చేతులు. అది కుటుంబం పోలిక. చిన్నప్పుడు డ్రిల్లు మాస్టారు చేతులు చాపమంటే నావి చాలవని ఆయన తిట్టినప్పుడు, మా అమ్మ బడికి వెళ్ళి మరీ చెప్పొచ్చింది: "వాడివి మేనమామ చేతులండీ, అంతకంటే సాగవు." ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

మార్చి 7

ప్రతి పరీక్షలోనూ రోగి స్లైడు పక్కన ఆరోగ్యవంతుడి స్లైడు ఒకటి పెట్టాలి. అది సరిగ్గా వెలిగితేనే రోగి స్లైడుని నమ్ముతాం. అయితే ఒంట్లో ఏ బాధా లేనివాడు కండ కోసి ఎవరికిస్తాడు? అందుకే మా ల్యాబ్‌లో ఒక అలవాటుంది. స్టాఫ్‌లో ఎవరికైనా ఆపరేషన్ జరిగితే, కాగితం మీద సంతకం పెట్టి గోరంత కండ ల్యాబ్‌కి ఇచ్చి పోవాలి. ఆరేళ్ళ క్రితం బాత్రూంలో జారి నా తొడ ఎముక విరిగినప్పుడు నేనిచ్చాను. మత్తు పూర్తిగా దిగకముందే ఫోన్ చేసి, ముక్కని ఎలా గడ్డకట్టించాలో మా వాళ్ళకి చెప్పానట. నాకు గుర్తులేదు, వాళ్ళు మాత్రం ఇప్పటికీ నవ్వుతారు.

అప్పట్నుంచి డీప్ ఫ్రీజర్ రెండో అరలో పచ్చమూత పెట్టె నాది. పైన నా చేతిరాతతో "నార్మల్" అని ఉంటుంది. ఆరేళ్ళలో వేల స్లైడ్లు. ఏ రంగు వేసినా చక్కగా పట్టింది. ఈ ఊరి కండజబ్బులన్నిటికీ నార్మల్ అంటే నేనే. ఇది బయట చెప్పుకుంటే గొప్పలు పోతున్నాడంటారు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

మార్చి 10

లేబుళ్ళు మారాయి.

పెయింటరు స్లైడు దీపావళిలా వెలిగింది. నా స్లైడు చీకటి. అంటే అంటించేటప్పుడు ఇది దానికీ అది దీనికీ అంటించాను. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. పెయింటరుకి ఎమెరిన్ లేదు. కేసు తేలిపోయింది.

కిటికీ దగ్గర వాళ్ళక్క కనిపిస్తే "దొరికిందమ్మా" అన్నాను. "ఏం దొరికింది?" అంది. రిపోర్టులో ఉంటుందన్నాను. ఆమె అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మార్చి 11

నాడి 44.

రిపోర్టు రాసుకుని డాక్టర్ మేడమ్ దగ్గరికి పట్టుకెళ్ళాను. మా పాథాలజీ హెడ్. మేము వెనకాల భూతద్దం అంటాం. కళ్ళజోడు నుదుటి మీదకి తోసి చదివింది.

"లేబుళ్ళు మారాయంటున్నారు. పదహారేళ్ళలో ఎప్పుడైనా మార్చారా?"

"లేదు మేడమ్."

"మరి ఇప్పుడే ఎందుకు మారుస్తారు?"

"మనిషన్నాక..."

"ఊహ మీద నేను సంతకం పెట్టను. మళ్ళీ చెయ్యండి."

ఆవిడ అనుమానం ఆవిడది. నా చేతి సంగతి నాకు తెలుసు.

మార్చి 13

మళ్ళీ చేశాను. ఈసారి లేబుళ్ళు అంటించలేదు, గాజు మీదే వజ్రపు మొన ఉన్న కలంతో పేర్లు గీశాను. మారే అవకాశమే లేదు.

పెయింటరు వెలిగాడు. నేను చీకటి.

యాంటీబాడీ బాగాలేదు. దారిలో ఐస్ కరిగి ఉంటుంది. కంపెనీ వాడికి గట్టిగా రాశాను.

మార్చి 14

యాంటీబాడీ బాగాలేకపోతే పెయింటరు మాత్రం ఎందుకు వెలిగాడు?

నాడి 42. రికార్డు. చెల్లెలికి చెప్పలేదు.

మార్చి 16, ఆదివారం

అమ్మా, చెల్లెలూ వచ్చారు. అమ్మ దాని దగ్గరే ఉంటుంది. నాలుగు వీధుల అవతలే అయినా వచ్చినప్పుడల్లా ఊరు మారినట్టు సంచి సర్దుకుని వస్తుంది.

భోజనమయ్యాక కుర్చీలో కూర్చుని కునుకు తీశాను. ఈమధ్య వద్దన్నా నిద్ర వచ్చేస్తోంది. మా ఆవిడ, "మళ్ళీ కుర్చీలోనేనా? కాస్త లేచి నాలుగడుగులు వెయ్యకూడదూ, సోమరిపోతులా" అంది. మామూలుగా అనే మాటే. అమ్మ చేతిలో మంచినీళ్ళ గ్లాసు కింద పడిపోయింది.

"ఆ మాట మాత్రం అనకమ్మా. నీకు దణ్ణం పెడతాను, ఆ మాట అనకు."

అమ్మ కోడలితో అలా మాట్లాడటం ఎప్పుడూ చూడలేదు. తర్వాత వంటింట్లో చెల్లెలితో చెప్తుంటే విన్నాను. మామయ్య వడ్రంగి. చివరి ఏడాది పని చెయ్యలేక రోజంతా కుర్చీలో కూలబడి ఉండేవాడట. ఒక మధ్యాహ్నం అమ్మకి ఒళ్ళు మండి, "సోమరిపోతువి, నీ వల్ల ఇల్లు నడవదు" అని అరిచి బావి దగ్గరికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి ఆయన కుర్చీలోనే ఉన్నాడు. లేవలేదు. అప్పటికి ఆయన వయసు ముప్పై తొమ్మిదేళ్ళు.

"ఆ మాటకి వాడి గుండె పగిలిపోయిందే" అంటోంది అమ్మ. "ముప్పై ఏళ్ళయింది. ఎవరితోనూ అనలేదు."

నాకు ముప్పై ఏడు. ఊరికే రాశాను.

మార్చి 18

మేడమ్ ఊరి అవతల ఉన్న ఇంకో ల్యాబ్ నుంచి వాళ్ళ నార్మల్ కండ తెప్పించింది. మూడూ పక్కపక్కన పెట్టి రంగు వేశాను. చీకటిగదిలో మైక్రోస్కోపు ముందు కూర్చునేసరికి చేతులు చల్లబడ్డాయి. ఏసీ ఎక్కువైంది.

పెయింటరు వెలిగాడు. వాళ్ళ నార్మల్ వెలిగాడు. నేను చీకటి.

నా ముక్క పాతది. ఆరేళ్ళు ఫ్రీజర్‌లో ఉంటే ఏదైనా పాడవుతుంది. అంతే.

మార్చి 19

ముక్క పాడైందని రుజువు చెయ్యడానికి ఇంకో రంగు వేశాను. ఇది కేంద్రకం లోపలి గోడలో ఉండే వేరే ప్రోటీన్‌ని చూపిస్తుంది. ముక్క పాడైతే ఇదీ వెలగకూడదు.

ప్రతి కేంద్రకమూ వెలిగింది. గుండ్రంగా, స్పష్టంగా, పుస్తకంలో బొమ్మలా.

ముక్క పాడవలేదు.

మార్చి 20

నాడి చూడలేదు.

మార్చి 21, శుక్రవారం

పొద్దున్న ల్యాబ్‌కి బయల్దేరుతుంటే మా ఆవిడ తలుపుకి అడ్డంగా నిలబడింది. చేతిలో కొలతల పుస్తకం. పదకొండేళ్ళ నా చొక్కాలన్నీ అందులో ఉన్నాయి.

"చూడండి. పెళ్ళయిన కొత్తలో మీ చేతి కొలత ఇది. చెయ్యి వంచి ఉండగానే తీశాను, చాపలేరని తెలుసు కాబట్టి. ఇది ఐదేళ్ళ తర్వాత. ఇది పోయిన నెల. ప్రతిసారీ మోచేతి దగ్గర ఇంకాస్త వంపు పెట్టి కత్తిరించాల్సి వస్తోంది. మీకు చెప్తే బాధపడతారని చొక్కా సర్దేశాను. మొన్న టాకాల కథ చెప్పారు కదా, మోచేతులు, మడమలు, మెడ అని? మెడ వంచి మీ చెప్పులు చూసుకోండి చూద్దాం."

చూసుకోలేకపోయాను. కాళ్ళ దగ్గర గుమ్మం ఉందని తెలుసు, చెప్పులు మాత్రం కనబడలేదు.

"నా స్లైడు చీకటిగా ఉంది" అన్నాను. పదకొండు రోజుల తర్వాత బయటికి వచ్చింది ఆ మాట. ఎవరితోనైనా అనేసరికి భయమేసింది. బాగా భయమేసింది.

"ఎన్నాళ్ళయింది?"

"పదో తారీఖు నుంచి. సోమవారం గుండె డాక్టర్‌కి చూపించుకుంటాను."

"సోమవారం లేదు, మంగళవారం లేదు. నడవండి."

మిషను మీద సగం కుట్టిన కోటు అలాగే వదిలేసి, మెడలో టేపు కూడా తియ్యకుండా వచ్చింది. ఈసీజీ తీసే అమ్మాయి కాగితం చూసి డాక్టరు కోసం లేచి వెళ్ళింది. నేను కాగితం తల్లకిందులుగానే చదివాను. ముప్పై ఆరు. మధ్యమధ్యలో ఖాళీలు. గుండె డాక్టరు వచ్చి వేలు పెట్టి ఒక ఖాళీ చూపించాడు. "ఇక్కడ మీ గుండె నాలుగు సెకన్లు ఆగింది. మీకేమీ తెలియలేదా?"

"కునుకు పట్టిందనుకున్నాను."

"ఇంటికి పంపను. మంచం ఎక్కండి."

రెండేళ్ళుగా గెలుస్తున్నాననుకున్నాను. ఇంత మూర్ఖుడు ఇంకొకడు ఉండడు.

మార్చి 22

రేపు పొద్దున్నే పేస్‌మేకర్ పెడతారు, గుండె ఆగబోతే తట్టి కొట్టించే చిన్న యంత్రం. సంతకం పెట్టాను. మా ఆవిడ బల్ల మీద తల పెట్టుకుని పడుకుంది. ఏమైనా అయితే డీప్ ఫ్రీజర్ రెండో అర, పచ్చమూత పెట్టె మీద పేరు మార్చమని మేడమ్‌కి చెప్పాలి. ఏమీ కాదు. అయినా రాసి పెడుతున్నాను.

మార్చి 26

ఎడమ భుజం కింద అగ్గిపెట్టెంత ఉబ్బు. పేస్‌మేకర్. నొప్పిగా ఉంది. ఒళ్ళు మాత్రం తేలిగ్గా ఉంది. వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాను, కూర్చోవాలనిపించలేదు. చిత్రం ఏమిటంటే, ఇన్నాళ్ళూ అలసిపోయి ఉన్నానని నాకు ఇప్పుడే తెలిసింది.

మధ్యాహ్నం అమ్మ వచ్చింది. పరుగులరాణి వెనకాల నిలబడి ముక్కు తుడుచుకుంటోంది. దానికీ ఈసీజీ తీశారు, బాగుంది. రక్తం పరీక్షకి పంపారు.

అమ్మకి అంతా చెప్పాను. మామయ్యకి ఉన్నది కూడా ఇదే అయి ఉంటుందని, చేతులు, నడక, కుర్చీలో కూలబడటం అన్నీ కలుస్తున్నాయని చెప్పాను. గుండె మెల్లబడితే మనిషికి ఒంట్లో శక్తి ఉండదు, ఆయన సోమరి కాదు అన్నాను.

అమ్మ పైట చెంగుని వేలికి చుట్టింది, విప్పింది.

"అంటే నేనన్న మాటకి కాదా?"

"కాదమ్మా."

"నిజం చెప్పు. నన్ను ఊరడించడానికి చెప్పకు."

"నేను ల్యాబ్ వాణ్ణి. నాకు ఊరడించడం రాదు."

అమ్మ ఏడ్చింది. ముప్పై ఏళ్ళ ఏడుపు, నర్సు పరిగెత్తుకొచ్చింది. కాస్త తేరుకున్నాక, "మరి వాడిది నీకెలా వచ్చింది?" అంది. ఈ జబ్బు తల్లిలో పెద్దగా బయటపడదు, ఆమె నుంచి కొడుక్కి వస్తుంది. జీవితంలో మొదటిసారి, తెలిసిన పాఠం చెప్పబుద్ధి కాలేదు.

"నా నుంచేగా?" అంది అమ్మే. "మా అమ్మ మా ఇద్దరికీ ఇచ్చింది. నేను నీకిచ్చాను."

"నువ్వు కావాలని ఇచ్చావా? తెలిసి ఇచ్చావా?"

"లేదు."

"మరి?"

అమ్మ కళ్ళు తుడుచుకుని చెయ్యి చాపింది. నిటారుగా చాపింది. "అయితే నా గుండె కూడా చూడమను. ఉన్నదేదో తెలిసిపోనీ." ఇది కదా మా అమ్మ అనుకున్నాను. సాయంత్రమే ఆమెకీ ఈసీజీ తీశారు. కొంచెం తేడా ఉంది, ఆరు నెలలకోసారి చూపించుకోవాలి.

ఏప్రిల్ 14

ల్యాబ్‌కి వెళ్ళాను. ముందుగా కిటికీ దగ్గరికి పెయింటరు అక్కని పిలిపించాను. ఆ రోజు "దొరికింది" అన్నది తప్పని, అది మీ తమ్ముడిది కాదు, నాదని చెప్పాను. నమ్మలేక నా భుజం వైపు చూసింది. అతనికి వేరే టాకా ఏదో ఊడి ఉంటుంది, రక్తపరీక్షకి పంపాం. రిపోర్టు వచ్చేలోపు గుండె మీద కన్నేసి ఉంచమని మేడమ్ ముందే రాసింది. లేబుళ్ళు మారాయన్న నా కాగితం మీద ఆవిడ సంతకం పెట్టి ఉంటే, అతని మీద నా జబ్బు రాసి ఉండేది, నేను మామయ్యలా కుర్చీలోనే ఉండిపోయేవాణ్ణి.

తర్వాత రెండో అర తెరిచాను. పచ్చమూత పెట్టె చెత్తలో వేద్దామని తీస్తుంటే మేడమ్ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏం చేస్తున్నారు?"

"ఇది నార్మల్ కాదు కదా మేడమ్."

"నార్మల్ ఎక్కడైనా దొరుకుతుంది, అడుక్కుంటే ఇస్తారు. ఎమెరిన్ లేని కండ ఎలా ఉంటుందో చూపించడానికి మన దగ్గర ఇదొక్కటే ఉంది. ఇది చీకటిగా ఉంటేనే ఇకమీద పరీక్ష సరిగ్గా పనిచేసినట్టు. పెట్టె అక్కడే ఉంచి పేరు మార్చండి."

మార్చాను. "ఎమెరిన్ లేదు" అని రాసి, కింద తారీఖు వేశాను. ఈ ఊళ్ళో ఈ పరీక్షకి ఇప్పటికీ నేనే కొలత.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆవిడ కొత్త చొక్కా కుట్టి పెట్టింది. మోచేతి దగ్గర వంపుతో. ఈసారి దాచకుండా చూపించి మరీ తొడిగింది.

ఏప్రిల్ 20, ఆదివారం

భోజనమయ్యాక కుర్చీలో కూర్చున్నాను. అలసట వల్ల కాదు, ఆదివారం కాబట్టి. నిద్రపట్టింది. మెలకువ వచ్చేసరికి అమ్మ ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని, నా మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి, గోడగడియారం వైపు చూస్తూ పెదాలు కదుపుతోంది.

"ఎంతమ్మా?"

"మాట్లాడించకు, తప్పిపోతాను." మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టింది. ముల్లు ఒక చుట్టు తిరిగేదాకా మా ఆవిడ కూడా మిషను ఆపింది.

"అరవై."

"ఎప్పట్నుంచి చూస్తున్నావు?"

"నీ కళ్ళు మూతపడ్డప్పట్నుంచి. ప్రతిసారీ అరవయ్యే."

నాడి అంతకంటే తగ్గదమ్మా, పేస్‌మేకర్ తగ్గనివ్వదు, అని చెప్పాను. తెలుసులే అంది. చెయ్యి మాత్రం వదల్లేదు.

నాడి 60. పరుగులరాణి 58. ఓడిపోయాను. ఫోన్ చేసి చెప్తే అవతల ఎగిరి గంతేసింది, తర్వాత ఏడ్చింది.